సీసం: లెక్కలున్నాయి, కొలతలేవీ?

యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020 జూలైలో వెలువరించిన 'ద టాక్సిక్ ట్రూత్' నివేదికపై ఒక విమర్శ

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలోని మెతుకులన్నీ పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలు. ఈ మాట మన ఇళ్లలో అందరికీ తెలుసు. గణాంకశాస్త్రంలో నమూనా సేకరణ అని మీరు చదువుకునేది దాదాపు ఇదే. అయితే ఇందులో ఒక షరతు ఉంది. ఆ మెతుకు ఆ గిన్నెలోదే అయి ఉండాలి. పక్కింటి గిన్నెలో మెతుకు పట్టి చూసి, మన పొయ్యి మీద మంట ఎంత ఉందో గమనించి, 'ఈపాటికి ఉడికే ఉంటుంది' అనుకుంటే అది అంచనా అవుతుంది. అంచనా చాలాసార్లు నిజమే కావచ్చు. అయినా వడ్డించే ముందు ఎవరైనా ఒకసారి మెతుకు పట్టి చూస్తారు.

మన దేశపు పిల్లల రక్తంలో సీసం ఎంత ఉంది? ఈ ప్రశ్నకు ఇప్పుడు ఎక్కువగా వినిపించే జవాబు అలాంటి అంచనాయే. ఆ జవాబు 'ద టాక్సిక్ ట్రూత్' అనే నివేదిక నుంచి వచ్చింది. పేరును తెలుగులో 'విషసత్యం' అనుకోవచ్చు. సీసం గురించి గత కొన్నేళ్లలో సామాన్య పాఠకుల కోసం వచ్చిన రచనల్లో ఇది చాలా ముఖ్యమైనది. ఇందులో మెచ్చుకోవలసినది ఎంతో ఉంది. జాగ్రత్తగా చదవవలసినది కూడా ఉంది. రెండూ చూద్దాం.

నివేదిక ఏమంటోంది?

ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే 80 కోట్ల మంది వరకు, రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉందని నివేదిక చెబుతోంది. డెసిలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. మైక్రోగ్రాము అంటే గ్రాములో 10 లక్షల వంతు. ఇంత కొద్దిపాటి లోహం పిల్లల చదువు మీద, ప్రవర్తన మీద ప్రభావం చూపగలదన్నదే ఇందులోని ఆందోళనకు కారణం. ఈ పిల్లల్లో దాదాపు సగం మంది దక్షిణాసియాలోనే ఉన్నారట.

సీసం ఎక్కడి నుంచి వస్తోంది? పెట్రోలులో సీసం కలపడం ప్రపంచమంతటా ఆగిపోయింది. చిట్టచివరగా అల్జీరియా 2021లో మానేసింది. కాని సీసం వాడకం తగ్గలేదు. ఇప్పుడు వాడే సీసంలో దాదాపు 85 శాతం బ్యాటరీలకే పోతోంది. పాత బ్యాటరీల్లో సగం దాకా అనుమతుల్లేని చోట్ల, పెరళ్లలో, ఇళ్ల మధ్య పగలగొట్టి కరిగిస్తున్నారని నివేదిక లెక్క. దీనికి తోడు రంగులు, మసాలా దినుసులు, సీసపు పూత ఉన్న మట్టిపాత్రలు, సౌందర్య సాధనాలు.

ఇవన్నీ ఒక్కచోట చేర్చి, వైద్యం చదవని పాఠకుడికి కూడా అర్థమయ్యేలా చెప్పడం చిన్న పని కాదు. బంగ్లాదేశ్, జార్జియా, ఘనా, ఇండోనేషియా, మెక్సికో దేశాల నుంచి ఐదు ఉదంతాలను వివరంగా ఇచ్చారు. చదివితే సీసం అనేది పట్టికలోని అంకెగా కాక, ఒక ఊరి నేలలో, ఒక ఇంటి వంటపాత్రలో ఉన్న పదార్థంగా కనిపిస్తుంది.

మెదడులో జరిగేదేమిటి?

విమర్శకు ముందు విజ్ఞానశాస్త్రం ఏం తేల్చిందో చూడాలి. ఎందుకంటే ఈ విషయంలో నివేదిక గట్టి పునాది మీదే నిలబడి ఉంది.

సీసానికి మన శరీరంలో ఏ పనీ లేదు. కాని సీసం అయాన్‌కు కూడా కాల్షియం అయాన్ లాగే రెండు ధనావేశాలు ఉంటాయి. ఆ పోలిక వల్ల కాల్షియం వెళ్లే దారుల్లో అదీ దూరిపోతుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కాల్షియం కావాలి. కణం కొసకు కాల్షియం చేరితేనే అక్కడి రసాయనాలు విడుదలై పక్క కణానికి సందేశం అందుతుంది. సీసం ఈ ఏర్పాటును గందరగోళం చేస్తుంది. నేర్చుకోవడానికి, గుర్తుంచుకోవడానికి అవసరమైన ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకాలను అడ్డుకుంటుంది. పసివయసులో మెదడు కోట్లాది కొత్త సంధులను కలుపుకుంటూ, అక్కరలేనివాటిని తెంచుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆ పని జరిగేటప్పుడే సందేశాలు తారుమారైతే ఆ లోటు పెద్దయ్యాక పూడదు.

పెద్దలకంటే పిల్లలకే ఎందుకు ఎక్కువ ప్రమాదం? కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ల శరీరం కొంతే పీల్చుకుంటుంది. చిన్నపిల్లలది అంతకు నాలుగైదు రెట్లు పీల్చుకోగలదు. ఆపైన పసివాళ్లు నేల మీద పాకుతారు, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. శరీరంలో ఇనుము తక్కువైతే సీసం ఇంకా ఎక్కువగా ఒంటబడుతుంది. మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి.

సీసం తక్కువ మోతాదులోనూ హాని చేస్తుందని రుజువు చేయడానికి శాస్త్రజ్ఞులు చాలా కష్టపడవలసి వచ్చింది. అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే వైద్యుడు బడిపిల్లల ఊడిన పాలపళ్లను సేకరించాడు. రక్తంలో సీసం సుమారు ఒక నెలలో సగానికి తగ్గిపోతుంది. పళ్లలో, ఎముకల్లో చేరినది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కనుక పన్ను ఆ పిల్లవాడి గతాన్ని చెబుతుంది. పళ్లలో సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో, తరగతిలో శ్రద్ధ నిలపడంలో వెనకబడ్డారని 1979లో ఆయన ప్రకటించాడు. తర్వాత ఆయన పరిశోధనలో మోసం ఉందన్న ఆరోపణలు వచ్చాయి. విచారణ జరిగింది. మోసమేదీ లేదని తేలింది.

2005లో బ్రూస్ లాన్‌ఫియర్, ఆయన సహచరులు 7 అధ్యయనాల్లోని 1,333 మంది పిల్లల వివరాలను కలిపి విశ్లేషించారు. సీసం 2.4 నుంచి 10 మైక్రోగ్రాములకు పెరిగేసరికి ప్రజ్ఞాలబ్ధి సగటున 3.9 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి పెరిగితే మరో 1.9, 20 నుంచి 30కి పెరిగితే మరో 1.1 మాత్రమే తగ్గింది. అంటే మొదటి కొద్దిపాటి సీసమే ఎక్కువ నష్టం చేస్తోంది. 'కొంచెమేగా, ఫరవాలేదు' అనడానికి ఇక్కడ వీల్లేదు. సురక్షితమని చెప్పదగ్గ స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది ఇందుకే.

అమెరికాలో ఆందోళన చెందవలసిన స్థాయి 1960లలో 60గా ఉండేది. తర్వాత అది 40, 30, 25, 10, 5 అంటూ దిగివచ్చింది. 2021 నుంచి 3.5. కాబట్టి ఈ నివేదిక గీతగా తీసుకున్న 5ను కూడా 'ఇటు క్షేమం, అటు ప్రమాదం' అన్నట్టు చదవకూడదు. నివేదిక ఆ హెచ్చరిక చేసింది. పాఠకులే మరిచిపోతుంటారు.

చివరి అంకె దాకా

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నివేదిక చివర దేశాలవారీగా ఒక పట్టిక ఉంది. అందులో మన దేశానికి ఎదురుగా ఇచ్చిన సంఖ్య 27,55,61,163. రక్తంలో సీసం 5కి మించి ఉన్న భారతీయ బాలల సంఖ్య అది. పట్టికలోని దేశాలన్నింటిలోనూ మనదే పెద్ద అంకె.

సంఖ్యను మళ్లీ చూడండి. కోట్లు, లక్షలు, వేలు సరే, చివర 163 కూడా ఉంది. ప్రయోగశాలలో సెంటీమీటరు గీతలు మాత్రమే ఉన్న స్కేలుతో కొలిచి 'పొడవు 7.4382 సెంటీమీటర్లు' అని రాస్తే మీ భౌతికశాస్త్రం మాస్టారు ఊరుకుంటారా? సార్థక అంకెలు అనే పాఠం ఉన్నది అందుకే. ఎంతవరకు కొలవగలిగామో అంతవరకే అంకెలు రాయాలి.

ఈ 27 కోట్ల మంది రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు. వారిలో ప్రాతినిధ్యం వహించే కొన్ని వేల మందిని దేశమంతటా ఎంచి పరీక్షించినదీ లేదు. అమెరికాలోని ఆరోగ్య గణాంకాల సంస్థ ఐ.హెచ్.ఎం.ఇ. తయారు చేసిన గణిత నమూనాలోంచి ఈ సంఖ్య వచ్చింది. అక్కడక్కడా ప్రచురితమైన చిన్న చిన్న అధ్యయనాలు తీసుకుంటారు. వాటికి దేశంలో వాహనాలెన్ని, పట్టణ జనాభా ఎంత, సీసపు పెట్రోలు మాని ఎన్నేళ్లయింది వంటి వివరాలు జోడిస్తారు. కొలతలు లేని చోట్ల ఎంత ఉండవచ్చో సమీకరణాలతో గణిస్తారు. పక్కింటి మెతుకు, మన పొయ్యి మంట అన్నానే, అది ఇదే.

ఇది మోసం కాదు. కొలతలు లేనిచోట ఇంతకంటే మంచి దారి లేదు కూడా. అంచనాలని నివేదిక దాచలేదు. చేయవలసిన పనుల్లో మొట్టమొదటిదిగా రక్తపరీక్షల ఏర్పాటునే పేర్కొంది. నా అభ్యంతరం మరొకటి. ఇంత పెద్ద, ఇంత కచ్చితంగా కనిపించే సంఖ్య ముందుకు వచ్చి నిలబడేసరికి, 'లెక్కపెట్టడం అయిపోయింది' అన్న భావం కలుగుతుంది. 163 దాకా తెలిసినవాళ్లకు ఇంకా పరీక్షలెందుకు? వెనక పేజీల్లోని సలహాను ముందు పేజీల్లోని సంఖ్య మింగేస్తోంది.

అనువాదకుడిగా ఇంకొక మాట. ఇంగ్లీషు మూలంలో '80 కోట్ల మంది వరకు' అని ఉంది. ఇలాంటి వాక్యం శీర్షికకెక్కేటప్పుడు మొదట జారిపోయేది ఆ 'వరకు' అనే చిన్న మాటే. విజ్ఞానశాస్త్రంలో బరువంతా అలాంటి చిన్న మాటల మీదే ఉంటుంది. చదివేటప్పుడు వాటిని వెతకడం అలవాటు చేసుకోండి.

ఢిల్లీలో కూర్చుని చదివితే

ఈ నివేదికను నేను చదివింది గాజియాబాద్‌లోని మా ఇంట్లో. యమునకు అవతల ఢిల్లీ, ఇవతల మేము. మా మెట్ల కింద ప్రతి వాటాకూ ఒక ఇన్వర్టరు బ్యాటరీ. వీధి మొదట్లో మెట్రో స్టేషను, దాని ముందు బారులు తీరిన ఈ-రిక్షాలు. ఒక్కో రిక్షా సీటు కింద సాధారణంగా నాలుగు బ్యాటరీలు, ఒక్కోదాని బరువులో సగానికి పైగా సీసం. బ్యాటరీ పాతబడితే కొత్తదాని ధరలో కొంత తగ్గించి దుకాణంవాడు తీసుకుంటాడు, లేదా కబాడీవాలా తూకం వేసి పట్టుకుపోతాడు. ఆ తర్వాత అది ఎటు పోతుందో కొనుక్కున్నవాడు అడగడు. పాత బ్యాటరీలను తిరిగి సేకరించాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. 2022లో కొత్తవి వచ్చాయి. నిబంధనల కాగితానికీ కొలిమికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.

మాకు కొద్ది దూరంలోనే లోనీ, దానికి దగ్గర్లో మండోలీ. పాత టీవీలు, కంప్యూటర్లు విప్పి, కాల్చి, లోహాలు తీసే చోట్లు. పాత టీవీల గాజులో సీసం ఉంటుంది, సర్క్యూట్ల టంకంలోనూ ఉంటుంది. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2014లో అక్కడి మట్టినీ నీటినీ పరీక్షించి, సీసం వంటి భారలోహాలు పరిమితులు దాటి ఉన్నాయని చూపింది. మట్టిని కొలిచారు, నీటిని కొలిచారు. ఆ మట్టిలో ఆడుకునే పిల్లల సంగతి?

ఇక్కడే ఢిల్లీ కథ ఆసక్తికరంగా ఉంటుంది. సీసాన్ని గెలిచిన నగరం ఇది. 1994 జూన్‌లో ఢిల్లీతో సహా నాలుగు మహానగరాల పెట్రోలులో సీసాన్ని లీటరుకు 0.15 గ్రాములకు తగ్గించారు. 1995 ఏప్రిల్ 1 నుంచి అవే నగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మడం మొదలైంది. అప్పుడు అది కెటలిటిక్ కన్వర్టరు బిగించిన కొత్త కార్ల కోసం. కన్వర్టరులోని ప్లాటినం వంటి లోహాల మీద సీసం పేరుకుంటే అది పనికిరాకుండా పోతుంది. అంటే ముందుగా మనం కాపాడింది కారులోని యంత్రాన్ని! ఎం.సి. మెహతా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం, సుప్రీంకోర్టు ఒత్తిడి, పర్యావరణ సంస్థల పోరాటం కలిసి పని వేగం పెంచాయి. 1998 సెప్టెంబరులో ఢిల్లీలో, 2000 ఫిబ్రవరి 1న దేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయింది.

దాదాపు ఆ రోజుల్లోనే మరొక మంచి పని జరిగింది. 1998-99లో జరిగిన రెండవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఢిల్లీ, ముంబయి నగరాల్లో మూడేళ్లలోపు పిల్లల వేలి కొసన రక్తపు చుక్క తీసి సీసం కొలిచారు. వెయ్యికి పైగా పిల్లల ఫలితాలను విశ్లేషించిన పరిశోధన 2006లో అచ్చయింది. ప్రతి నలుగురిలో ముగ్గురికి సీసం 5కీ 20కీ మధ్య ఉంది. సుమారు ఎనిమిది మందిలో ఒకరికి 20 దాటింది. 5కి తక్కువగా ఉన్నవాళ్లు కూడా ఎనిమిదింట ఒక వంతే. 1999లో జార్జ్ ఫౌండేషన్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో జరిపిన అధ్యయనంలోనూ సగానికి పైగా పిల్లలకు 10 దాటింది.

మంచి ఆరంభం. ఆ తర్వాత? మూడవ సర్వేలో సీసం లేదు. నాలుగవ దాంట్లో లేదు. 2019-21లో జరిగిన ఐదవ దాంట్లోనూ లేదు. పెట్రోలులో సీసం పోయాక ఢిల్లీ పిల్లల రక్తంలో ఎంత తగ్గిందో చెప్పే రెండవ సర్వే లేకుండా పోయింది. పరీక్ష రాశాం, పాసయ్యామనుకున్నాం, మార్కుల జాబితా మాత్రం తెచ్చుకోలేదు.

ముంబయిలో ఒక బృందం మాత్రం మళ్లీ చూసింది. పెట్రోలులో సీసం ఆగిన తర్వాత కూడా పరీక్షించిన పిల్లల్లో మూడో వంతు మందికి 10 దాటి ఉందని 2006లో ప్రకటించింది. మునుపటికంటే బాగా తగ్గింది, కాని పోలేదు. అంటే పెట్రోలు ఒక్కటే దొంగ కాదన్నమాట.

ఢిల్లీ గాలి గురించి శీతాకాలంలో రోజూ వింటుంటారు. 2014లో రూపొందించిన మన వాయు నాణ్యతా సూచికలో లెక్కించే ఎనిమిది కాలుష్యాల్లో సీసం కూడా ఒకటి. అయితే గంట గంటకు కొలిచే యంత్రాలు దాన్ని పట్టవు, వడపోత కాగితం మీద సేకరించి ప్రయోగశాలలో పరీక్షించాలి. కనుక మీరు ఫోనులో చూసే అంకెలో సాధారణంగా సీసం ఉండదు. పొగమంచు కంటికి కనిపిస్తుంది, గొంతులో గరగర పుట్టిస్తుంది. సీసం కనిపించదు, దగ్గు తెప్పించదు.

ఒకసారి మా కాలనీలో ఒక రక్తపరీక్ష కేంద్రానికి వెళ్లి, పిల్లలకు లెడ్ పరీక్ష చేస్తారా అని అడిగాను. కౌంటరులోని కుర్రవాడు 'ఎల్.ఇ.డి.నా, అది కరెంటు సామాన్ల షాపులో దొరుకుతుంది అంకుల్' అన్నాడు. వివరంగా చెప్పాక, నమూనా వేరే ఊరికి పంపాలని, ఇంతవరకు తనను ఎవరూ అడగలేదని చెప్పాడు. తప్పు అతనిది కాదు. ఏ వైద్యుడూ రాయని పరీక్ష అతనికెలా తెలుస్తుంది?

సూది పని చేసిన చోట్లు

కొలిస్తే ఏమొస్తుందని మీరడగవచ్చు. మూడు ఉదాహరణలు చెబుతాను.

అమెరికాలో 1976-80 మధ్య జాతీయ ఆరోగ్య సర్వేలో వేలాది మంది రక్తంలో సీసాన్ని కొలిచారు. ఆ నాలుగేళ్లలో సగటు సీసం సుమారు 37 శాతం తగ్గింది. పెట్రోలులో వాడిన సీసం తగ్గుదలతో అది అడుగులో అడుగు వేసినట్టు నడిచింది. 1980ల మొదట్లో అక్కడి ప్రభుత్వం పెట్రోలు నిబంధనలను సడలించాలని చూస్తున్నప్పుడు ఈ కొలతలే అడ్డుపడ్డాయి. నిబంధనలు సడలకపోగా ఇంకా కఠినమయ్యాయి.

రెండవది జార్జియా. 40 లక్షల లోపు జనాభా ఉన్న చిన్న దేశం. 2018లో యూనిసెఫ్ సహాయంతో జరిపిన సర్వేలో పిల్లల రక్తం పరీక్షిస్తే 2 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో 41 శాతం మందికి 5 దాటింది. దేశం ఉలిక్కిపడింది. కారణాలు వెతికితే మసాలా దినుసుల్లో సీసం ముఖ్యమైనదని తేలింది. ఈ నివేదికలోనే ఆ ఉదంతం ఉంది. ఐదు ఉదంతాల్లో ఒక్కటీ మన దేశానిది లేకపోవడం ఇక్కడ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెద్ద అంకె మనది, వివరమైన కథ ఇతరులది.

మూడవది మన పాట్నా. అక్కడ 2020లో 135 మంది పిల్లలను పరీక్షించారు. సగటు 11.6. నూటికి 87 మందికి 5 దాటింది. సీసంతో పనిచేసే కర్మాగారాల దగ్గర ఉండటం, మసాలాలు కారణాలుగా కనిపించాయి. మన దేశంలో ప్రచురితమైన 31 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో పిల్లల సగటు 6.86. పాట్నా పిల్లలది దానికంటే చాలా ఎక్కువ. దేశపు సగటు పాట్నాను చూపలేదు, పాట్నాకు వెళ్లిన సూది చూపింది. ఆ తర్వాత 2024లో వెలువడిన మరో పరిశోధన, పాట్నాలో కొన్న పసుపు నమూనాల్లో అతి ఎక్కువ సీసం ఉందని చెప్పింది. పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి సీసం క్రోమేటు అనే పచ్చరంగు పూయడం దీనికి కారణం. ఎక్కడ కొలిచారో అక్కడ మూలం దొరికింది. మూలం దొరికినచోటే దాన్ని ఆపవచ్చు. బంగ్లాదేశ్ అధికారులు పసుపు మార్కెట్ల మీద నిఘా పెట్టి ఈ కల్తీని దాదాపు లేకుండా చేయగలిగారు.

ఖర్చు ఎక్కువ అవుతుందా? 2019-21 సర్వేలో రక్తహీనత పరీక్షకు దేశమంతటా పసిపిల్లల వేళ్లకు సూది గుచ్చి రక్తపు చుక్క తీశారు. ఆ వేలి నుంచే మరొకటి రెండు చుక్కలు సీసం పరీక్షకు సరిపోతాయి. కొద్ది నిమిషాల్లో ఫలితం చెప్పే చిన్న యంత్రాలున్నాయి. వేలికి అంటుకున్న దుమ్ములోని సీసం ఫలితాన్ని పాడు చేస్తుంది కనుక చేతులు శుభ్రంగా కడగాలి, ఎక్కువ వచ్చినవారికి నరం నుంచి రక్తం తీసి ప్రయోగశాలలో సరిచూడాలి. 1998-99లో చేయగలిగిన పని ఇప్పుడు చేయలేమంటే నమ్మడం కష్టం.

ముందే కొలవడం ఎందుకు ముఖ్యమో ఇంకొక పరిశోధన చెబుతుంది. రక్తంలో సీసం 20కీ 44కీ మధ్య ఉన్న 780 మంది పిల్లలకు దాన్ని బయటికి లాగే మందు ఇచ్చి చూశారు. 2001లో ఫలితాలొచ్చాయి. రక్తంలో సీసం తగ్గింది, తెలివితేటల పరీక్షల్లో మార్పు రాలేదు. జరిగిన నష్టాన్ని మందు తిరిగి తేలేకపోయింది. కాబట్టి సీసం పిల్లవాడిలోకి పోకముందే ఆపాలి. అంటే అది ఏ వీధిలో ఉందో ముందే తెలియాలి.

పిల్లవాడా, పాయింట్లా?

నివేదిక మీద నాకు మరొక అసంతృప్తి ఉంది. సీసం వల్ల ప్రజ్ఞాలబ్ధి తగ్గుతుంది, దానివల్ల ఆదాయం తగ్గుతుంది, దేశాలు ఇంత నష్టపోతాయి అన్న వాదన పదే పదే వస్తుంది. ప్రభుత్వాలను కదిలించడానికి డబ్బు భాష అవసరమే కావచ్చు. కాని నేరాలు, హింస ప్రస్తావన కూడా చేరేసరికి, సీసం ఉన్న బస్తీ పిల్లలంటే మందబుద్ధులు, గొడవకారులు అన్న ముద్ర పడే ప్రమాదం ఉంది.

సగటు గురించి సరిగ్గా అర్థం చేసుకోండి. సగటు 100 చుట్టూ గంట ఆకారంలో పరచుకున్న వెయ్యి మంది పిల్లలను ఊహించండి. ప్రామాణిక విచలనం 15. సుమారు 23 మంది 70కి దిగువన, 23 మంది 130కి ఎగువన ఉంటారు. సగటు 5 పాయింట్లు జరిగి 95 అయిందనుకుందాం. 70కి దిగువన ఉన్నవారు దాదాపు 48 అవుతారు. 130కి ఎగువన సుమారు 10 మంది మిగులుతారు. కావాలంటే మీ పట్టికలతో లెక్క వేసి చూడండి. ఒక్కొక్కరిలో కనిపించనంత చిన్న తేడా సమాజంలో ఇంత పెద్దదవుతుంది.

అయితే ఈ లెక్క ఏ ఒక్క పిల్లవాడి భవిష్యత్తునూ చెప్పదు. లోనీలో పుట్టిన పాప రేపు మీ తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకోవచ్చు. సమాజానికి సగటు ఉంటుంది, పిల్లవాడికి పేరు ఉంటుంది. పిల్లలు రేపటి ఆదాయం కాబట్టి వారిని కాపాడాలని నివేదిక వాదిస్తుంది. ఈ రోజు పిల్లలు కాబట్టి కాపాడాలి అంటే చాలదా?

చివరి మాట

'ద టాక్సిక్ ట్రూత్'ను చదవమనే నా సలహా. సీసం ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకోవడానికి ఇంత తేలికైన పుస్తకం తక్కువ. దాని సంఖ్యలను మాత్రం జవాబులుగా కాక ప్రశ్నలుగా చదవండి. 27 కోట్లు అన్నచోట ఆగి, ఇందులో ఎంతమందిని నిజంగా పరీక్షించారు అని అడగండి. మీ ఊరి పేరు ఆ అధ్యయనాల్లో ఉందా అని వెతకండి.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. రంగు కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి. పాత పెయింటు పొడి రాలుతుంటే పొడిగా గీకకుండా తడిపి తీయించండి. పసివాళ్ల కళ్లకు బజారులో కొన్న సుర్మా పెట్టవద్దని చెప్పండి, వాటిలో కొన్నింట సీసం సల్ఫైడు ఉంటుంది. పాత బ్యాటరీని తూకానికి వేయకుండా, రసీదు ఇచ్చి తీసుకునే అధీకృత దుకాణంలోనే ఇప్పించండి.

ఇవన్నీ చేసినా ఒక పని మిగిలే ఉంటుంది. అది ఇంట్లో అయ్యేది కాదు. 1998-99లో ఢిల్లీలో వేలు చాపి రక్తపు చుక్క ఇచ్చిన ఆ మూడేళ్లలోపు పసివాళ్లు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. వారిలో కొందరు తల్లిదండ్రులయ్యే ఉంటారు. వాళ్ల పిల్లల రక్తంలో సీసం తగ్గిందా? ఎంత తగ్గింది? ఈ ప్రశ్నకు జవాబు ఏ కంప్యూటరు నమూనాలోనూ దొరకదు. అది ఆ పిల్లల వేలి కొసనే ఉంది. ఒకసారి మెతుకు పట్టి చూడాలి, అంతే.